అప్పెరుగని ఇల్లాలి పేరున అప్పు



"నా పేరున అప్పేమిటండీ, పచారీ కొట్లో కూడా ఖాతా పెట్టనిదాన్ని!" అంటూ మా పక్కింటావిడ ఆమధ్య కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కొడుకు చదువు అప్పుకి తానూ సంతకం చేద్దామని బ్యాంకుకి వెళితే, ఆవిడ పేరున అప్పటికే నలభై వేల అప్పుందనీ, నాలుగు నెలలుగా వాయిదాలు కట్టలేదనీ చెప్పారట. ఇంటికొచ్చాక వాళ్లాయన, "నాకు చెప్పకుండా ఎందుకు తీసుకున్నావు?" అన్నారు. ఆవిణ్ణి అప్పు కంటే ఆ మాటే ఎక్కువ కోసింది.

ఫోనులోనే నిమిషాల మీద అప్పులిచ్చే రోజులివి. మన పాన్ నంబరు, ఆధార్ నకలు చేజిక్కించుకుని, మాయమాటలతో ఓ ఓటీపీ కూడా చెప్పించుకుంటే చాలు, ఎవరో మన పేరున అప్పు పుట్టించుకోవచ్చు. మనమేమో సిమ్ముకనీ, చీటీకనీ జిరాక్సులు పసుపు కుంకుమల్లా పంచిపెడతాం! చివరి నాలుగంకెలే కనబడే ఆధార్ కూడా ఉంది. వీలైన చోటల్లా అదే ఇవ్వండి.

మన అప్పుల చిట్టా రాసే సంస్థలు దేశంలో నాలుగున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2017 నుంచి ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి నివేదిక మనకు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకరిని అడిగారంటే ఏడాది పొడుగునా కాపలా కాసినట్టే. ఆ సంస్థల సొంత వెబ్‌సైట్లలోనే అడగండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే పది నిమిషాల పని. 300 నుంచి 900 దాకా వేసే మార్కు చూసి మురిసిపోయి ఊరుకోకండి. ఎరుగని అప్పుందా, మనది కాని చిరునామా, ఫోను నంబరు ఉన్నాయా, మన పేరున అప్పు కోసం ఎక్కడెక్కడ అడిగారు, అవీ చూడవలసినవి. అత్తగారి నివేదిక కూడా తీసి చూడండి. పెద్దవాళ్లని మోసం చేయడం మరీ తేలిక.

మీది కానిది కనబడితే, వసూలువాళ్ల బెదిరింపుకి జడిసి ఒక్క వాయిదా కూడా కట్టకండి. అప్పిచ్చినవారికీ, నివేదిక ఇచ్చినవారికీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 1930కి ఫోను చేసి సైబర్ నేరం నమోదు చేయించి, ఆ నంబరు భద్రంగా రాసిపెట్టుకోండి. ముప్ఫై రోజుల్లో తేల్చకపోతే, ఆపైన రోజుకి వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. అప్పటికీ పలక్కపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు, రుసుమేమీ లేదు.

పక్కింటావిడ నివేదికలో ఆ అప్పుకి ఇచ్చిన ఫోను నంబరు ఆవిడది కాదు, ఊరూ ఆవిడది కాదు. అది కళ్లారా చూశాక గానీ వాళ్లాయన మెత్తబడలేదు. తర్వాత ఫిర్యాదు కాగితాలు పట్టుకుని తిరిగింది ఆయనే లెండి. అప్పు చెరిగిపోయింది. ఈలోగా కాలేజీ ఫీజు గడువు ముంచుకొస్తే, ఆవిడ చేతి గాజులు రెండూ కుదువపెట్టి కట్టారు. అవి ఇంకా విడిపించాలి.