తుల్‌లలో దాచుకున్న కొరియా



మన మాస్టారి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు తైక్వాండో తుల్‌లనే ఎంచుకున్నాను. ఎదురుగా ప్రత్యర్థి ఉన్నట్టు భావించుకుని ఒక్కరే చేసే పంచ్‌లు, కిక్‌లు, బ్లాక్‌ల వరస తుల్. ఇవి వేల ఏళ్లనాటివని చాలామంది నమ్ముతారు. కావు. వీటిని కూర్చిన కొరియా జనరల్ ఛోయ్ హాంగ్ హీ జపాన్‌లో కరాటే నేర్చినవాడు. తైక్వాండో అన్న పేరు నిలిచింది 1955లో. తమను ఏలినవాళ్ల దగ్గర నేర్చిన విద్యలో తన జాతి చరిత్రను నింపాలన్నది ఆయన పట్టుదల. వీటి గొప్పతనం అక్కడుంది. లేని ప్రాచీనత అంటగట్టనక్కర్లేదు.

తుల్‌లు 24, రోజుకు ఉన్న గంటలన్ని. మొదటిది ఛాన్-జీ: ఆకాశం, భూమి. తర్వాత వచ్చేవి ఎక్కువగా మనుషుల పేర్లే.

అన్ జుంగ్-గన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కొరియాను జపాన్ గుప్పిట్లోకి తెచ్చిన ఇటో హిరోబుమిని ఆయన 1909 అక్టోబరు 26న హార్బిన్ రైల్వేస్టేషన్‌లో కాల్చి చంపాడు. మరుసటి మార్చిలో లూషున్ జైల్లో ఉరితీశారు. ఆయన పేరిటి తుల్‌లో కదలికలు 32, అంటే చనిపోయిననాటి వయసు. మన లెక్కన ఆయనకు 30 ఏళ్లే. పుట్టగానే ఒక ఏడు, కొత్త సంవత్సరం వచ్చినప్పుడల్లా మరొకటి కలిపే సంప్రదాయ కొరియా లెక్కలో 32. ఆ తుల్ చేసే కుర్రవాడు ఆయన బతికిన ఏళ్లన్నీ తన ఒంటితో లెక్కపెడుతున్నాడన్నమాట! సామ్-ఇల్ తుల్‌లోని 33 కదలికలు, 1919 మార్చి 1 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు చేసిన 33 మందికి గుర్తు. నౌకా సేనాని యీ సున్-షిన్ స్మృతిగా కూర్చిన ఛుంగ్-మూ ఎడమచేతి దెబ్బతో ముగుస్తుంది. రాజభక్తి కట్టుబాట్ల వల్ల తన శక్తినంతా చూపలేకుండానే పోయాడన్న బాధ అందులో ఉంది.

చరిత్రగా చూస్తే తుల్‌లకు చెప్పే వివరణల్లో పొరపాట్లూ ఉన్నాయి. ఒక తుల్‌కు పేరైన వన్-హ్యో భిక్షువు 686లో కొరియాలోని శిల్లా రాజ్యానికి బౌద్ధం తెచ్చాడని చెబుతారు. అది ఆయన మరణించిన సంవత్సరం. శిల్లా బౌద్ధాన్ని అంతకు శతాబ్దంన్నర ముందే ఆమోదించింది.

ఒలింపిక్స్ బాటలో ఉన్న మన పిల్లలు చేసే, పూమ్సేలు అనే ఇలాంటి వరసలది వేరే దారి. వాటిలో తేగుక్ వరసలు ఎనిమిదీ చైనా ప్రాచీన గ్రంథం యీజింగ్‌లోని ఎనిమిది చిహ్నాల మీద నిలిచాయి: ఆకాశం, నిప్పు, నీరు, కొండ వగైరా. ఇల్‌యో పూమ్సేలో అడుగులు స్వస్తిక్ ఆకారంలో సాగుతాయి. బౌద్ధంతో పాటు మన దేశం నుంచి వెళ్లిన గుర్తు అది.

ఇక తుల్‌లనూ తాకిన కొరియా విభజన. ఛోయ్ 1966లో సియోల్‌లో అంతర్జాతీయ తైక్వాండో సమాఖ్య స్థాపించి, 1972లో కెనడా వెళ్లిపోయాడు. తర్వాత ఉత్తర కొరియాకు దగ్గరయ్యాడు. సోవియట్ సైన్యం నిర్బంధించిన జాతీయ నాయకుడు ఛో మన్-సిక్ పేరిట కో-డాంగ్ అనే తుల్ ఉండేది. 1980లలో దాన్ని తీసేసి, ఉత్తర కొరియా అధికార సిద్ధాంతమైన జుచే పేరిట మరో తుల్ పెట్టారు. నాకిది అన్యాయంగానే తోస్తుంది. కొన్ని శాఖలు ఇప్పటికీ కో-డాంగ్‌నే నేర్పుతున్నాయి. చివరి తుల్ పేరు టాంగ్-ఇల్, అంటే ఏకీకరణ. ఛోయ్ 2002లో ప్యాంగ్యాంగ్‌లో కన్నుమూసేనాటికీ అది జరగలేదు.

కోచ్‌లకు నాదొక మనవి. బెల్ట్ పరీక్షలో కాలి ఎత్తు చూసే ముందు, ఆ తుల్ ఎవరి పేరో పిల్లవాణ్ణి అడగండి. తెలియకపోతే ఆ కథ చెప్పి, మళ్లీ చేయించండి.