తేనెపెట్టెలో రాణి ఉన్నదా, లేదా?

(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాడితోపాటు తేనెటీగలను పెంచే సభ్యులు మనలో కొందరున్నారు. వారికోసం నా అనుభవం చెబుతాను.

కిందటేడు మా గేదె తలుగు తెంచుకొని తేనెపెట్టెను పడదోసింది. చట్రాలు సర్ది రాణీ ఈగకోసం వెతికాను. కనబడలేదు. డబ్బిచ్చి కొత్త రాణిని తెచ్చి వదిలాను. మర్నాడు అది పెట్టె ముందు చచ్చిపడి ఉంది. పాత రాణి లోపలే ఉన్నదన్నమాట!

కనుక రాణిని కాదు, గుడ్లను వెతకండి. గుడ్డు 3 రోజుల్లో పొదుగుతుంది. పెట్టె పడిన 5 రోజుల తరువాత గది అడుగున ఒక్కొక్క గుడ్డు కనబడితే రాణి క్షేమం.

గుడ్లు లేక, వేరుశనగకాయల్లా వేలాడే రాణిగదులుంటే పాత రాణి పోయినట్లే. ఆ గదులను ముట్టుకోవద్దు. కొత్త రాణి పుట్టి గుడ్లు పెట్టడానికి సుమారు నెల పడుతుంది. అంతవరకు పెట్టెను మాటిమాటికి తెరవవద్దు.

ఒకే గదిలో నాలుగైదు గుడ్లు, గోడలకంటుకొని ఉంటే అవి కూలి ఈగలు పెట్టినవి. వాటినుంచి పోతుటీగలే పుడతాయి.

గుడ్లూ, రాణిగదులూ రెండూ లేకపోతే? మరో పెట్టెలోనుంచి గుడ్లు, లేత పిల్లపురుగులు ఉన్న చట్రాన్ని ఈగలు దులిపి ఇందులో ఉంచండి. నాలుగు రోజుల్లో దానిమీద రాణిగదులు కట్టడం మొదలుపెడితే రాణి లేదు. కట్టకపోతే, ఇంకా గుడ్లు పెట్టని కన్నెరాణి ఉండవచ్చు; ఓపిక పట్టండి.

గేదె ఎదకు వచ్చిందీ లేనిదీ గుర్తులనుబట్టి పోల్చుకునే మనకు ఇదేమంత కష్టం కాదు.