బరువును తగ్గించు సూదిమందు

స్థూలకాయమును తగ్గించు మందులకు మంచి పేరు లేదు. 1930 దశకమున డైనైట్రోఫినాల్ కొవ్వును కరిగించుచు ప్రాణములను సైతము తీసినది. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటములను చెరచుటచే 1997లో తొలగింపబడినది. కావున వైద్యులు మాకు సెమాగ్లుటైడ్ వ్రాసి యిచ్చినప్పుడు మేము సంశయించితిమి.

ఇది పనిచేయు తీరు వేరు. భోజనము చేయగనే మన ప్రేగులు జి.ఎల్.పి.-1 అను హార్మోనును స్రవించును. కడుపు నిండినదని మెదడునకు తెలుపునది అదియే. ఆ హార్మోను కొలది నిమిషములలో నశించును. దానిని పోలిన ఈ మందు దినముల తరబడి నిలుచును. అందుచే వారమున కొక సూది చాలును.

0.25 మిల్లీగ్రాములతో ప్రారంభించి, నెలకొక మెట్టుగా మోతాదు పెంచిరి. తొలి వారములలో వికారము, మలబద్ధకము బాధించినవి. కొంచెము కొంచెముగా భుజించుటచే సర్దుకొనినవి. పూర్వము గారెలు వేగు వాసన తగిలిన చాలు, మనస్సు వంటయింటి చుట్టు తిరుగుచుండెడిది. ఇప్పుడా పిలుపు లేదు. జిహ్వచాపల్యమని లోకులు మమ్ము నిందించిన దానిలో దేహధర్మము ఎంత కలదో అప్పుడు తెలిసినది.

2021లో వెలువడిన పరిశోధనలో 68 వారములకు సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గినది. మందు మానిన ఏడాదిలో, తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినది. కావున ఇది నాలుగు నెలల ముచ్చట కాదు. వ్యయమును ముందే లెక్కించుకొనవలెను. కొవ్వుతో కండయు తగ్గును గనుక పప్పు, పెరుగు, గ్రుడ్డు, వ్యాయామము విడువరాదు. వైద్యుల పర్యవేక్షణ లేనిదే ఈ సూదిని ముట్టరాదు.