ఇంట ఓడి రచ్చ గెలిచిన జట్టు
(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము సాహిత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను బి.ఏ.లో సాహిత్యము చదివిన మాట నిజమే. కాని ఇరువది యేండ్లుగా నోటింగు, డ్రాఫ్టింగు తప్ప నేను వ్రాసిన దేమియు లేదు. కావున నాకు చక్కగా తెలిసిన సంగతి యొకటి చెప్పెదను. అది యొక ఆటను గూర్చినది. ఆ ఆట మనది కాదు. అయినను కథ ముగియునప్పటికి అది మనకు పరాయిది కాదని మీకే తోచునని నా నమ్మకము.

2018వ సంవత్సరమున నన్ను మూడేండ్ల పనిమీద వాషింగ్టన్ నగరమునకు పంపిరి. ఆ నగరము అనేక విధముల మన ఢిల్లీని పోలియుండును. అచ్చట ఫ్యాక్టరీ పొగగొట్టములు కానరావు, కార్యాలయములే యెక్కువ. ఎక్కడెక్కడి నుండియో వచ్చిన ఉద్యోగులు, నాలుగేండ్లకొకసారి మారు దొరలు, వారు మారినను మారని ఫైళ్లు. మా పొరుగింట నొక పెద్దమనిషి యుండెడివారు. అరువదవ పడిలోని వారు. ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గొన్నవారు. వారి తండ్రియు గుమాస్తాయే. సాయంకాలమగుసరికి ఆయన వసారాలో కూర్చుండి, రేడియోలో బేస్ బాల్ వ్యాఖ్యానము వినుచు, పెన్సిలుతో ఒక నోటుపుస్తకమున ప్రతి బంతి ఫలితమును గుర్తు వేసికొనుచుండెడివారు. నేను ఆఫీసు నుండి వచ్చి, ఆయన ప్రక్కకుర్చీలో చేరబడుట అలవాటయ్యెను.

క్రికెట్టు నెరిగిన వారికి ఈ ఆట అర్థమగుట కష్టము కాదు. పక్షమునకు తొమ్మండుగురు, తొమ్మిది ఇన్నింగ్సులు, ముగ్గురు ఔటైనచో ఒక పక్షపు వంతు ముగియును. మైదానమున మూడు మూలలు చుట్టి, బయలుదేరిన చోటికి తిరిగి వచ్చినవానికి ఒక పరుగు. ఆ చోటును వారు ఇల్లనియే పిలుతురు. బంతిని గోడ దాటించినచో హోమ్ రన్. అప్పుడు మూలలయందు వేచియున్న వారందరును ఇల్లు చేరుదురు. ప్రతి జట్టును మార్చి చివర నుండి సెప్టెంబరు చివర వరకు 162 ఆటలు ఆడవలెను. ఈ సంఖ్యను దయతో జ్ఞాపకముంచుకొనుడు.

వాషింగ్టన్ నేషనల్స్ అను జట్టు ఆ నగరమునకు వచ్చినది 2005లో. అంతకు ముందటి కథ కొంత విషాదకరము. ఆ నగరపు జట్టు ప్రపంచ విజేతయైనది 1924లో ఒక్కసారియే. 1960 ముగియగానే ఆ జట్టును మిన్నెసోటాకు తరలించిరి. దాని స్థానమున వచ్చిన క్రొత్తజట్టును 1971 ముగియగానే టెక్సాస్‌కు తరలించిరి. జట్లకు గూడ మనవలెనే బదిలీలు! కాని మన బదిలీకి ఊరు ఏడ్వదు. జట్టు బదిలీ యైన ఊరు ఏడ్చును. 1971 సెప్టెంబరు 30వ తేది రాత్రి కడపటి ఆట. తొమ్మిదవ ఇన్నింగ్సున వాషింగ్టన్ జట్టు 7–5తో ముందున్నది. ఇక ఒక్కడు ఔటైనచో గెలుపు. అంతలో దుఃఖమును, ఆగ్రహమును పట్టలేక ప్రేక్షకులు మైదానముమీద పడి, మట్టిని, గడ్డిని సైతము పెరికికొనిపోయిరి. ఆట సాగలేదు. నిబంధనల ప్రకారము గెలుపు ఎదుటి పక్షమున కిచ్చిరి.

ఆ రాత్రి మా పొరుగువారు పండ్రెండేండ్ల బాలుడు. తండ్రితో గూడ ఆ మైదానమున నుండెను. నాటి నోటుపుస్తకమును ఆయన నాకు చూపిరి. అన్ని గడులును నిండియున్నవి. కడపటి గడి మాత్రము ఖాళీ. ఆ పిమ్మట ముప్పది మూడేండ్లు ఆ నగరమునకు జట్టే లేదు. ఆయన మరియొక ఊరి జట్టును అభిమానింపలేదు. “పొరుగూరి గుడిలో దండము పెట్టుకొనవచ్చును గదా?” అని నేనంటిని. “దండము పెట్టవచ్చును, మ్రొక్కు చెల్లదు,” అన్న భావము వచ్చునట్లు ఆయన ఏదో చెప్పి నవ్విరి.

ఇక 2019 నాటి కథ. ఆ యేడు ఆట ప్రారంభమగుటకు ముందే, జట్టులోని ప్రసిద్ధుడగు బ్రైస్ హార్పర్ ఫిలడెల్ఫియా జట్టులో చేరెను. మే 23వ తేదీ నాటికి యాబది ఆటలు ముగిసినవి. గెలిచినవి 19, ఓడినవి 31. న్యూయార్క్ మెట్స్ చేతిలో వరుసగా నాలుగు ఆటలు ఓడి వచ్చిరి. నాయకుడగు డేవ్ మార్టినెజ్‌ను తొలగింపవలెనని ఊరంతయు గోల పెట్టెను. పైగా ఆ జట్టున వయసు మీరినవారే అధికము.

సరిగా ఆ దినములలోనే నా బల్లమీద నొక కాగితముండెను. మా కార్యాలయమునకు క్రొత్తగా నొక యువకుడు వచ్చెను. వచ్చి రెండు నెలలు. వ్రాసిన ప్రతి ఉత్తరమునను తప్పు. ఒకసారి జాబును వేరొకరి చిరునామాకు గూడ పంపెను. అతనిని తిరిగి పంపివేయుట మేలని నేను నోటు తయారుచేసి, సంతకము చేయుట మాత్రము మిగిల్చితిని. ఆ సాయంకాలము వసారాలో, జట్టును గూర్చి మాటలాడుచున్నట్లే, “ఇక వీరు పనికిరారు, ఈ యేటికి పుస్తకము మూసివేయుడు,” అంటిని. ఆయన పెన్సిలు ఆపి, “యాబది ఆటలైనవి. ఇంక నూట పండ్రెండున్నవి,” అనిరి. అంతే. వాదింపలేదు, జట్టు మంచిదనియు చెప్పలేదు. మరల పెన్సిలు కదలెను.

మరునాడు నేను సంతకము చేయలేదు. కాగితమును సొరుగులో పెట్టితిని.

మిగిలిన 112 ఆటలలో ఆ జట్టు 74 గెలిచెను. మొత్తము 93 గెలుపులు, 69 ఓటములు. తమ విభాగమున రెండవ స్థానము. ఒక్క ఆట ఓడినను ఇంటికి పోవలసిన పోటీ అక్టోబరు 1వ తేదిన జరిగెను. మిల్వాకీ జట్టు 3–1తో ముందున్నది. ఎనిమిదవ ఇన్నింగ్సున ఇరువదేండ్ల హువాన్ సోటో కొట్టిన బంతిని ఎదుటి పక్షపు ఆటగాడు చేజార్చగా ముగ్గురు ఇల్లు చేరిరి. 4–3. పిమ్మట ఆ యేడు 106 ఆటలు గెలిచిన లాస్ ఏంజెలెస్ జట్టుతో అయిదవ ఆట పదవ ఇన్నింగ్సు వరకు సాగెను. మూడు మూలలును నిండియుండగా హోవీ కెండ్రిక్ బంతిని గోడ దాటించెను. అతని వయస్సు ముప్పదియారు. పిదప సెయింట్ లూయిస్ జట్టును నాలుగింట నాలుగాటలలో ఓడించిరి.

కడపటి పోటీ హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టుతో. ఆ జట్టు ఆ యేడు 107 ఆటలు గెలిచినది. ఏడింటిలో నాలుగు గెలిచినవారిది విజయము. మొదటి రెండును హ్యూస్టన్‌లో జరిగినవి. రెండును వాషింగ్టనే గెలిచెను. ఊరు పొంగిపోయెను. 1933 తరువాత ఆ నగరమున ప్రపంచ పోటీ జరుగుట అదియే మొదలు. కాని తమ ఊరిలో జరిగిన మూడాటలును వరుసగా ఓడిరి! మూడవ రాత్రి మా పొరుగువారి నోటుపుస్తకమున అక్షరములు వంకరలు పోయినవి. నేను ఓదార్చుటకు మన సామెత చెప్పితిని: ఇంట గెలిచి రచ్చ గెలువుమందురు. ఆయన ఆలోచించి, “ఇంట గెలువలేనివాడు ఏమి చేయవలెనో మీ పెద్దలు చెప్పలేదా?” అని యడిగిరి. నాకు జవాబు తోచలేదు.

జవాబు జట్టే చెప్పెను. హ్యూస్టన్‌కు తిరిగి పోయి ఆరవ ఆట 7–2తో గెలిచిరి. అక్టోబరు 30వ తేది రాత్రి ఏడవ ఆట. ఆరు ఇన్నింగ్సులు ముగియునప్పటికి 0–2తో వెనుకబడియుండిరి. ఏడవదానిలో రెండాన్ ఒక హోమ్ రన్ కొట్టెను. వెనువెంటనే కెండ్రిక్ కొట్టిన బంతి కుడివైపు సరిహద్దు స్తంభమునకు తగిలి టంగున మ్రోగెను. 6–2తో గెలుపు. ఏడాటలలో నొక్కటియు సొంత మైదానమున ఆడిన పక్షము గెలువలేదు. ప్రపంచ పోటీలలో అట్లు జరుగుట అదియే ప్రథమము.

వీధిలో కారుల హారనులు, కేకలు. మా పొరుగువారు కడపటి గడి నింపి, పెన్సిలు ప్రక్కన పెట్టి, కొంతసేపు మాటలాడలేదు. తండ్రిని తలచుకొనుచున్నారనుకొంటిని. తుదకు ఆయన యన్న మాట వేరు. “మాంట్రియల్‌లో ఎవడో నావంటివాడు ఈ రాత్రి మేలుకొని యుండును,” అనిరి. ఏలయనగా నేషనల్స్ జట్టు 2005కు ముందు మాంట్రియల్ నగరపు జట్టు. ఒక ఊరి కన్నీటితో మరియొక ఊరి పండుగ వచ్చినది. 1971లో నష్టపడినవాడు గనుకనే ఆయనకు ఆ సంగతి తోచినది. గెలిచిన రాత్రి ఓడినవానిని తలచుకొనుట నాకు ఆ వసారాలో లభించిన చదువు.

ఆ యువకుని మాట యేమందురా? అతడు కెండ్రిక్ కాలేదు. ఇప్పటికిని అతని పని వేగమైనది కాదు. కాని సంవత్సరము తిరుగునప్పటికి అతని కాగితమును నేను మరల చూడవలసిన యవసరము లేకపోయెను. యాబది ఆటలు చెడగా ఆడిన జట్లన్నియు తుదకు గెలువవు; పెక్కు జట్లు అట్లే ముగించును. నేను చెప్పునది వేరు. 19–31ని చూచి విచారించుట తప్పు కాదు. దానినే తీర్పుగా వ్రాసి సంతకము చేయుట తప్పు. ఆ తప్పు నేను చేయుటకు ఒక్క కలము పోటు దూరమున నుంటిని.

ఆ పిమ్మట జట్టు వైభవము నిలువలేదు. రెండాన్ అదే శీతకాలమున వేరొక జట్టులో చేరెను. 2022లో సోటోను శాన్ డియేగోకు పంపిరి. ఆ యేడు జట్టు ఓడిన ఆటలు 107. ఆ సెప్టెంబరులో మా పొరుగువారి నుండి ఉత్తరము వచ్చెను. ఎవరిమీదను ఫిర్యాదు లేదు. నోటుపుస్తకపు పుట యొకటి అద్దకము తీయించి పంపిరి. అందు ఓడిన ఆట యొకటి, ప్రతి గడియు శ్రద్ధగా నింపబడి యున్నది.

సభికులారా! మనమందరము సొంతూరు విడిచి, రచ్చలో బ్రదుకుచున్న వారము. ఇంట గెలువకనే వచ్చితిమని కొందరకు మనసులో కొఱత యుండవచ్చును. ఆ పెద్దమనిషి యడిగిన ప్రశ్నకు నేను నాడు చెప్పలేని జవాబు నేడు చెప్పెదను. ఇంట గెలువలేనివాడు మరునాడు ఉదయము పెట్టె సర్దుకొని, తరువాతి ఆటకు బయలుదేరవలెను. పుస్తకమును మాత్రము మూయరాదు.