స్నేహితులతో యాత్ర – ముందు వేసుకోవలసిన లెక్క
(బరంపురంలో విద్యార్థులకు ఉపకార వేతనాలు పంపిణీ చేసిన సభలో ప్రసంగ పాఠం)

ఉపకార వేతనాలు అందుకున్న విద్యార్థినీ విద్యార్థులకు నా అభినందనలు.

ఇలాంటి సభల్లో బాగా చదువుకోండి అని చెప్పడం ఆనవాయితీ. ఆ మాట మీరు ఇంట్లో రోజూ వింటున్నదే. అందుచేత వేరే సంగతి చెబుతాను. పరీక్షలు అయిపోగానే స్నేహితులంతా కలిసి ఎక్కడికైనా వెళ్లాలని మీకు ఉంటుంది. తప్పకుండా వెళ్లండి. అయితే ఎలా వెళ్లకూడదో నా అనుభవంతో చెబుతాను.

1996లో నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎనిమిది మందిమి అరకు వెళ్లాలనుకున్నాం. ఇక్కడ రాత్రి బండి ఎక్కి విశాఖపట్నం, అక్కడ పొద్దున్నే కిరండూల్ పాసింజరులో అరకు. ఒకడు లెక్క వేసి తలా 450 రూపాయలు అన్నాడు. అందరూ తల ఊపారు. నేనూ ఊపాను. మా నాన్నగారు బట్టల కొట్లో గుమస్తా. నా దగ్గర అంత డబ్బు లేదని చెప్పడానికి సిగ్గుపడి, పరీక్ష ఫీజుకని ఇంట్లో ఇచ్చిన డబ్బు తీసి ఇచ్చేశాను.

బండి సొరంగాల్లోకి వెళ్లినప్పుడల్లా అందరూ కేకలు వేస్తున్నారు. నేను మాత్రం ఫీజు గడువుకు ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకుంటున్నాను. బొర్రా గుహల్లో ఏం చూశానో నాకు గుర్తే లేదు. తిరిగి వచ్చాక ఆ ఫీజు కోసం మా అమ్మ చెవి కమ్మలు తాకట్టుకు వెళ్లాయి. నాన్నగారు తిట్టలేదు. "ముందే చెబితే ఏదో ఒకటి చూసేవాళ్లం కదరా" అన్నారు. అంతే.

చాలా కాలానికి తెలిసింది, మాలో ఇంకో ఇద్దరు కూడా అప్పు చేసి వచ్చారట. ఒక్కడు నోరు విప్పి ఉంటే మిగతా ఇద్దరూ బయటపడేవారు. తక్కువ ఖర్చుతోనే అందరం సంతోషంగా వెళ్లి వచ్చేవాళ్లం.

అందుకని మొదట ఊరు నిర్ణయించకండి, డబ్బు నిర్ణయించండి. ఒక్కొక్కరూ తాము పెట్టగలిగిన మొత్తాన్ని పేరు రాయకుండా చీటీ మీద రాసి ఒక డబ్బాలో వెయ్యండి. అన్నిటిలోకీ తక్కువ అంకె ఏదో అదే మీ యాత్ర ఖర్చు. ఆ చీటీ ఎవరిదని ఎవరూ అడగకూడదు. ఆ డబ్బుకు అరకు కుదరకపోతే గోపాలపూర్ సముద్రపు ఒడ్డుకో, చిలకకో వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. అరకు బండికి 2017 నుంచి అద్దాల పెట్టె కూడా వచ్చింది. దాని టికెట్టు ఖరీదు ఎక్కువ. మామూలు పెట్టెలో కూర్చున్నా కనిపించేవి అవే లోయలు.

డబ్బు ఒకరి దగ్గర, లెక్క పుస్తకం ఇంకొకరి దగ్గర ఉంచండి. పదో వంతు ఆపదకని పక్కన పెట్టండి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచి దొరుకుతాయి. ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి రాయరు కనుక, ఎనిమిది మందైతే రెండు తీసుకోవాలి. గుర్తింపు కార్డులు అందరూ వెంట ఉంచుకోండి.

ఇక నీళ్ల సంగతి. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు, పైన లార్జీ ఆనకట్ట నుంచి ఒక్కసారిగా వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. 24 మంది విద్యార్థులు, వెంట వచ్చిన యాత్రా నిర్వాహకుడు చనిపోయారు. వాళ్లు దిగినప్పుడు నీళ్లు తక్కువగానే ఉన్నాయి. తెలియని నదిలో, సముద్రంలో దిగకూడదన్న నియమం బయలుదేరక ముందే పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక చెబితే ఎవరూ వినరు.

తల్లిదండ్రులకు ఒక మనవి. వద్దు అనే ముందు వివరాలు అడగండి. వద్దంటారన్న భయంతోనే పిల్లలు అబద్ధం చెబుతారు. ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడు తిరిగి వస్తారు అన్నది కాగితం మీద రాయించుకుని, ఇద్దరు స్నేహితుల ఫోను నంబర్లు తీసుకుని సంతోషంగా పంపండి.

పిల్లలూ, ఇవాళ మీ చేతికి వచ్చిన ఈ డబ్బు చదువు కోసం. దానిలోంచి యాత్రకు ఒక్క రూపాయి తియ్యవద్దు. డబ్బు చాలకపోతే "నా దగ్గర లేదు" అని చెప్పండి. ఆ మాట విని మిమ్మల్ని వదిలేసి వెళ్లేవాళ్లతో యాత్ర చేయకపోయినా నష్టం లేదు. ఆగి, లెక్క మార్చేవాళ్లే మీ స్నేహితులు.