గాలటిన్ పేరు, గాలటిన్ పద్దు



ఒకరి పేరు నిలబెట్టాలంటే మనకున్న మార్గాలు కొన్నే. మనవడికి పెట్టుకుంటాం, వీధికి పెడతాం, ఇలా ఏటేటా ఒక ఉపన్యాసం ఏర్పాటు చేస్తాం. ప్రభుత్వాలకు ఇంకో మార్గం ఉంది, జిల్లాకు పెట్టడం. ఆ పని నిష్పక్షపాతంగా జరగడం అరుదు. కోనసీమ జిల్లా పేరు మీద 2022 మే నెలలో అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డ సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. పేరు పెట్టిన నాటి రాజకీయం రెండు తరాలకి మరుగున పడుతుంది. చిరునామాలో పేరు మాత్రం మిగులుతుంది.

అలా మిగిలిన పేర్లలో ఆల్బర్ట్ గాలటిన్ ఒకటి. అమెరికా తొలితరం నాయకులంటే మనకు వాషింగ్టన్, జెఫర్సన్, ఫ్రాంక్లిన్ గుర్తొస్తారు. ఈమధ్య ఒక సంగీత నాటకం పుణ్యమా అని హామిల్టన్ కూడా అందరికీ తెలిశాడు. గాలటిన్ పేరు విన్నవాళ్ళు తక్కువ. కానీ పటం తెరిస్తే కెంటకీ, ఇల్లినాయ్, మోంటానా రాష్ట్రాల్లో ఆయన పేరిట కౌంటీలున్నాయి. టెనెసీలో, మిస్సోరీలో పట్టణాలున్నాయి. ఒక నది, ఒక కొండల వరస ఉన్నాయి. ఈ పేర్లు పెట్టింది ఎవరు, ఎప్పుడు, ఏ ఉద్దేశంతో అని అడుగుతూ పోతే ఆయన రాజకీయమంతా బయటపడుతుందని నా నమ్మకం. అదే ఈ సాయంత్రం మీ ముందు పెడతాను.

గాలటిన్ పుట్టింది 1761లో, స్విట్జర్లాండులోని జెనీవాలో. మంచి వంశం, చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు. పంతొమ్మిదో ఏట ఇంట్లో చెప్పకుండా ఒక స్నేహితుడితో కలిసి 1780లో ఓడెక్కి అమెరికా చేరాడు. చేతిలో ఉన్న డబ్బులో చాలాభాగం తేయాకు మీద పెట్టాడు. అది అమ్ముడుపోక నానా అవస్థా పడ్డాడు. తరవాత ఒక దేశపు ఖజానాను పదమూడేళ్ళపాటు నడపబోయే మనిషి తొలి వ్యాపారం అది! హార్వర్డులో కొన్నాళ్ళు ఫ్రెంచి పాఠాలు చెప్పి, చివరికి పశ్చిమ పెన్సిల్వేనియాలో మొనాంగహీలా నది ఒడ్డున భూమి కొనుక్కుని స్థిరపడ్డాడు. ఆ ఇంటికి ఫ్రెండ్‌షిప్ హిల్ అని పేరు.

ఆ ప్రాంతం అలెఘేనీ కొండలకు అవతలిది. రైతు పండించిన రై ధాన్యం కొండలు దాటి తూర్పు తీరానికి చేరాలంటే గుర్రం వీపే దిక్కు. ఒక గుర్రం నాలుగు బుషెళ్ళ ధాన్యం మోస్తుంది. అదే ధాన్యాన్ని కాచి విస్కీ చేస్తే ఇరవైనాలుగు బుషెళ్ళ పంట అదే వీపు మీద వెళ్తుంది. నాణేలు కరువైన ఆ పల్లెల్లో పాలేరు కూలి కూడా విస్కీలోనే కొలిచేవారు. ఆ పరిస్థితిలో ఆర్థికమంత్రి హామిల్టన్ 1791లో విస్కీ మీద ఎక్సైజు పన్ను వేశాడు. రాజధానిలో కూర్చున్నవాడికి అది విలాసం మీద పన్ను. మొనాంగహీలా రైతుకి అది నడుస్తున్న డబ్బు మీదే పన్ను.

గాలటిన్ రైతుల పక్షాన నిలిచాడు. 1792లో పిట్స్‌బర్గులో జరిగిన సభకు కార్యదర్శిగా ఉండి, పన్ను వసూలు చేసేవాళ్ళను వెలివేయాలన్న తీర్మానాలకు సంతకం పెట్టాడు. తన రాజకీయ జీవితంలో చేసిన పాపం అదొక్కటేనని తరవాత శాసనసభలోనే చెప్పుకున్నాడు. 1794లో జనం తుపాకులు పట్టి పన్ను అధికారి ఇల్లు తగలబెట్టినప్పుడు మాత్రం ఆవేశంతో ఊగిపోతున్న గుంపు ఎదుట నిలబడి, చట్టానికి లోబడండని వాదించాడు. పన్ను తప్పని చెప్పడం ఒకటి, దాన్ని తుపాకితో తీయించాలనుకోవడం ఇంకొకటి అన్నది ఆయన వాదన. వాషింగ్టన్ దాదాపు 13,000 మంది సైన్యాన్ని పంపాడు. తిరుగుబాటు చల్లారింది. గాలటిన్ మీద అనుమానం చల్లారలేదు.

అదే ఏడాది మొదట్లో సెనేటులో జరిగిన ముచ్చట ఇంకా రుచిగా ఉంటుంది. పెన్సిల్వేనియా ఆయన్ని సెనేటుకు పంపింది. వెళ్ళీ వెళ్ళగానే కొత్త సభ్యుడు చేసిన పని, ఖజానా జమాఖర్చులు పద్దులవారీగా సభ ముందు పెట్టమని హామిల్టన్‌ని అడగడం. ఈలోపు ఆయన ఎన్నికే చెల్లదన్న ఫిర్యాదు సభ ముందుకు వచ్చింది. సెనేటరుకు తొమ్మిదేళ్ళ పౌరసత్వం ఉండాలి. గాలటిన్ దేశానికి వచ్చి పదమూడేళ్ళు దాటినా, ప్రమాణం చేసింది 1785లో. ఫిబ్రవరి 28న 14–12 ఓట్లతో, పార్టీ గీత మీద, ఆయన్ని బయటికి పంపారు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న పిల్లలున్న తల్లిదండ్రులు ఈ సభలో ఉండే ఉంటారు. తేదీలు లెక్కబెట్టి మనిషిని గుమ్మం దగ్గర ఆపే విద్య ఆ దేశానికి కొత్తగా అబ్బింది కాదు.

జనం ఊరుకోలేదు. మరుసటి ఏడాది ఆయన్ను దిగువసభలో కూర్చోబెట్టారు. అక్కడ ప్రభుత్వ ఆదాయవ్యయాలను పరిశీలించే శాశ్వత సంఘం ఉండాలని పట్టుబట్టి సాధించాడు. దేని కోసం మంజూరైన డబ్బు దానికే ఖర్చు కావాలన్నాడు. 1796లో దేశ ఆర్థిక స్థితి మీద ఒక పుస్తకం రాశాడు. హామిల్టన్ దృష్టిలో అదుపులో ఉన్న జాతీయ రుణం దేశాన్ని ఒకటిగా కట్టిపడేసే బంధం. గాలటిన్‌కి అది రాబోయే తరం మీద వేసే పన్ను, యుద్ధాలకు మార్గం సుగమం చేసే సదుపాయం.

ఇక్కడ మొదటి పేరు వస్తుంది. 1798లో హామిల్టన్ పార్టీవాళ్ళైన ఫెడరలిస్టులు విదేశీయుల చట్టం, రాజద్రోహ చట్టం తెచ్చారు. పౌరసత్వానికి నివాస గడువును అయిదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళకు పెంచారు. విదేశాల్లో పుట్టినవాళ్ళు కాంగ్రెసులో కూర్చోకుండా రాజ్యాంగాన్ని సవరించాలని మసాచుసెట్స్ ప్రతిపాదించింది. ఆ సవరణ ఎవరి కోసమో అందరికీ తెలుసు. ఆయన ఫ్రెంచి యాసను వెక్కిరించడం అప్పటికే పత్రికలకు అలవాటైపోయింది. ఆ చట్టాలను ధిక్కరిస్తూ జెఫర్సన్ చాటుగా రాసిచ్చిన తీర్మానాలను కెంటకీ శాసనసభ నవంబరులో ఆమోదించింది. డిసెంబరులో ఒక కొత్త కౌంటీ ఏర్పరిచి దానికి గాలటిన్ అని పేరు పెట్టింది. అప్పటికి ఆయన మంత్రి కాదు, ప్రతిపక్ష సభ్యుడు. మీరు వెళ్ళగొట్టాలనుకుంటున్న మనిషి పేరు మా పటంలో ఉంటుందని ఒక రాష్ట్రం ప్రకటించిందన్నమాట. నా దృష్టిలో ఆయన పేరు మీదున్న చోట్లన్నిటిలోకీ విలువైనది ఇదే. మిగతావి అధికారంలో ఉన్నవాడికి, ఆ అధికారపు జ్ఞాపకానికి అందినవి.

1801లో జెఫర్సన్ అధ్యక్షుడయ్యాడు, గాలటిన్ ఆర్థికమంత్రి అయ్యాడు. 1814 దాకా ఆ పదవిలో ఉన్నాడు. ఇప్పటివరకు అంతకాలం దాన్ని నిర్వహించినవారు లేరు. ఆయన లెక్క చాలా సరళం. ఏటా 73 లక్షల డాలర్లు ముందే పక్కన పెట్టి అప్పు తీర్చాలి, మిగిలిన దాంతో ప్రభుత్వం నడవాలి. సైన్యాన్ని తగ్గించారు, నౌకాదళం ఖర్చు కోశారు. 1802లో విస్కీ పన్నుతో సహా అంతర్గత పన్నులన్నీ ఎత్తేశారు. లూసియానా కొనుగోలుకు కోటిన్నర డాలర్లు కొత్తగా నెత్తిన పడినా, 8 కోట్ల 30 లక్షలున్న జాతీయ రుణం 1812 నాటికి 4 కోట్ల 50 లక్షలకు దిగింది. టెనెసీలో సమ్నర్ కౌంటీ ముఖ్యపట్టణానికి గాలటిన్ పేరు పడింది కూడా ఆ 1802లోనే.

నది సంగతి చూడండి. పడమటి ప్రాంతాల అన్వేషణకు జెఫర్సన్ పంపిన లూయిస్, క్లార్కుల యాత్రకు ముందే ఆ దేశపు పటం ఒకటి గీయించి సిద్ధం చేయించినవాడు గాలటిన్. యాత్రకు కాంగ్రెస్ మంజూరు చేసింది 2,500 డాలర్లు. అయిన ఖర్చు 38,000 డాలర్ల పైమాట. 1805 జులై చివరి వారంలో ఆ బృందం ఇప్పటి మోంటానాలో మూడు పాయలు కలిసి మిస్సోరీ నది పుట్టే చోటికి చేరింది. ఏ పాయకూ తక్కిన రెండింటి కన్నా పెద్దరికం కనబడక, మూడింటికీ మూడు కొత్త పేర్లు పెట్టారు. నైరుతి పాయకు అధ్యక్షుడు జెఫర్సన్ పేరు, మధ్యదానికి విదేశాంగ మంత్రి మాడిసన్ పేరు, ఆగ్నేయపు పాయకు గాలటిన్ పేరు. దారిలో యుద్ధశాఖ మంత్రి డియర్‌బోర్న్‌కీ, నౌకాశాఖ మంత్రి స్మిత్‌కీ చెరో నదీ అప్పటికే అందింది. ఆ లెక్కన మంత్రివర్గమంతా నీళ్ళలోకి దిగింది. ఇంకో తమాషా ఏమిటంటే, జెఫర్సన్ సద్గుణాల పేరిట ఉపనదులకు తత్వం, వివేకం, దాతృత్వం అని కూడా పెట్టారు. అవేవీ నిలవలేదు. ఇప్పుడు వాటిని విల్లో క్రీక్, బిగ్ హోల్, రూబీ అంటున్నారు. మంత్రుల పేర్లు నిలిచాయి.

ఆ మూడు పాయల దగ్గరే కొన్నేళ్ళ ముందు షోషోనీ తెగ పిల్ల సకగావియాను హిదాట్సాలు ఎత్తుకుపోయారు. అదే అమ్మాయి ఇప్పుడు యాత్రికులతో తిరిగొచ్చింది. ఆ నీళ్ళకు అక్కడి జనం పెట్టుకున్న పేర్లు వాళ్ళకున్నాయి. గాలటిన్ ఆ నదిని ఎన్నడూ చూడలేదు. కానీ ముసలితనంలో, 1836లో, ఆదివాసీ తెగల భాషలను పోల్చి వర్గీకరిస్తూ పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆయన చేసిన పనులన్నిటిలో రాజకీయం అంటనిది నాకు అదొక్కటే కనిపిస్తుంది.

పదవి మనిషిని ఎలా వంచుతుందో చూడాలంటే 1807 దగ్గర ఆగాలి. బ్రిటన్, ఫ్రాన్సులు అమెరికన్ ఓడలను వేధిస్తుంటే జెఫర్సన్ విదేశీ వాణిజ్యాన్నే ఆపేయాలనుకున్నాడు. శాశ్వత నిషేధం కన్నా యుద్ధమే నయం, ప్రభుత్వ నిషేధాలు మనం లెక్కవేసిన దానికన్నా ఎక్కువ కీడు చేస్తాయని గాలటిన్ ఆయనకు రాశాడు. జెఫర్సన్ వినలేదు. రేవుల్లో కస్టమ్స్ అధికారులు ఆర్థికశాఖ కింద ఉంటారు కాబట్టి ఆ నిషేధాన్ని అమలు చేసే బాధ్యత గాలటిన్ మీదే పడింది. నమ్మని చట్టానికి కాపలా కాస్తూ, చివరికి ఓడలను, సరుకును పట్టుకోవడానికి మరింత కఠినమైన అధికారాలు కావాలని తనే అడిగాడు. ఒకప్పుడు ఎక్సైజు అధికారి మీద తీర్మానానికి సంతకం పెట్టిన చేయి అది. రాజీనామా చేసి ఉండాల్సిందని నేను అనుకుంటాను. దిగిపోతే ఖజానా ఇంకా అన్యాయమైపోయేదని ఆయన్ను సమర్థించే చరిత్రకారులూ ఉన్నారు.

ఇల్లినాయ్‌లోని గాలటిన్ కౌంటీ 1812లో ఏర్పడింది. అక్కడ సెలైన్ నది ఒడ్డున ఉప్పు ఊటలుండేవి. ఆ భూమి కేంద్ర ప్రభుత్వానిది, దాన్ని కౌలుకిచ్చేవారు. ఉప్పునీటిని పెద్ద ఇనుప బానల్లో పోసి, చుట్టుపక్కల అడవి నరికి ఆ కట్టెలతో రాత్రింబవళ్ళు కాచేవారు. ఆ మంటల దగ్గర నిలబడింది ఎక్కువగా కెంటకీ నుంచి అద్దెకు తెచ్చిన నల్లజాతి బానిసలు. ఇల్లినాయ్ 1818లో రాష్ట్రమైనప్పుడు దాని రాజ్యాంగం బానిసత్వాన్ని నిషేధిస్తూనే, ఈ ఉప్పుభూమికి మాత్రం 1825 వరకు మినహాయింపు ఇచ్చింది. పెన్సిల్వేనియా శాసనసభలో బానిసత్వ నిర్మూలన కోరినవాడి పేరు ఆ కౌంటీకి! పేరు పెట్టినవాళ్ళు ఆయన అభిప్రాయాలు చదివి పెట్టలేదు.

1811లో జాతీయ బ్యాంకు అనుమతిని పొడిగించాలని గాలటిన్ సొంత పార్టీకే ఎదురు నిలిచాడు. సెనేటులో ఓట్లు సమానమైతే ఉపాధ్యక్షుడు జార్జ్ క్లింటన్ తన ఓటుతో బ్యాంకును ముంచాడు. మరుసటి ఏడాదే బ్రిటన్‌తో యుద్ధం వచ్చింది. బ్యాంకు లేదు, అంతర్గత పన్నులు లేవు, నౌకలు తక్కువ. 1813లో కోటీ 60 లక్షల అప్పు కోసం తిరిగితే, అందులో పెద్ద భాగం ఇచ్చి ఆదుకున్నది ఆస్టర్, జిరార్డ్, పారిష్ అనే ముగ్గురు. ముగ్గురూ విదేశాల్లో పుట్టినవాళ్ళే. మసాచుసెట్స్ సవరణ నెగ్గకపోవడం దేశానికి ఎంత మేలైందో! 1814 క్రిస్మస్ ముందురోజు ఘెంటులో సంధి మీద సంతకం పెట్టినవాళ్ళలో గాలటిన్ ఒకడు. అయితే పదేళ్ళు కడుపు కట్టుకుని తీర్చిన అప్పు 1816 నాటికి 12 కోట్లు దాటింది.

ఆయన 1849లో న్యూయార్కులో పోయాడు. హామిల్టన్ సమాధి ఉన్న ట్రినిటీ చర్చి ఆవరణలోనే ఆయన్నీ పూడ్చారు. వాషింగ్టన్‌లో ఆర్థికశాఖ భవనానికి దక్షిణాన హామిల్టన్ విగ్రహం, ఉత్తరాన 1947లో నిలిపిన గాలటిన్ విగ్రహం ఉన్నాయి. అంతర్యుద్ధం ఖర్చుకు ప్రభుత్వం 1862లో కాగితపు నోట్లు అచ్చేసినప్పుడు 500 డాలర్ల నోటు మీద గాలటిన్ బొమ్మ వేసింది. యుద్ధాన్నీ, అప్పునీ, కాగితపు డబ్బునీ జీవితాంతం అనుమానించినవాడికి దొరికిన గౌరవం అది.

ఆయన స్వయంగా ఒక ఊరు కట్టించాడు, మొనాంగహీలా ఒడ్డున. దానికి తన పేరు పెట్టుకోలేదు, న్యూ జెనీవా అన్నాడు. దాని పక్కనే ఫ్రెండ్‌షిప్ హిల్. పెళ్ళయిన కొద్ది నెలలకే చనిపోయిన ఆయన మొదటి భార్య సోఫియా సమాధి ఆ ఆవరణలోనే ఉంది. మన ఊళ్ళ నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దలు పిట్స్‌బర్గు వెంకటేశ్వరస్వామి గుడికి తప్పకుండా వెళ్తారు. అక్కడి నుంచి దక్షిణంగా కారులో గంటన్నర ప్రయాణం చేస్తే ఈ ఇల్లు వస్తుంది. జాతీయ ఉద్యానవనాల శాఖ దాన్ని చక్కగా కాపాడుతోంది, ప్రవేశ రుసుము లేదు. ఈసారి దర్శనం అయ్యాక ఒక పూట అక్కడికి తీసుకెళ్ళమని మీ పిల్లలను అడగండి.