లారీలో ఏముందో డ్రైవరుకు చెబుదాం
(మస్కట్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సోహార్ పోర్టు నుంచి సలాలా వెయ్యి కిలోమీటర్ల పైనే. ఆ దారిలో లారీ తోలే మనవాళ్ళది ఒకటే మాట: "డ్రమ్ముల్లో ఏముందో చెప్పరండీ. కాగితం మీద జనరల్ కార్గో అనే ఉంటుంది."

ఆ రెండు ముక్కలతో ప్రమాదకర సరుకుకు అడగాల్సిన అదనపు కిరాయి పోతుంది. ప్రాణం మీదకీ వస్తుంది. ఐక్యరాజ్యసమితి పట్టికలో 1830 అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్. ఆ నెంబరు కనబడకపోతే, కారుతున్న డ్రమ్ము మీద డ్రైవరు బాటిల్ నీళ్ళు గుమ్మరిస్తాడు. యాసిడ్ సలసల కాగి మొహాన చిమ్ముతుంది.

మన దేశపు 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో సరుకు వివరాలు ఇవ్వాల్సింది పంపేవారే. ఇక్కడ అలా పంపే కంపెనీల్లో సంతకాలు పెట్టే ఇంజనీర్లం, మేనేజర్లం మనమే. తాళం చేతికిచ్చే ముందే సరుకు పేరు, నెంబరు, కిరాయి రాసిన కాగితం డ్రైవరుకు వచ్చిన భాషలో ఇద్దాం.